కడుపులో డీజే

పెళ్ళి ఊరేగింపు డీజే బండి మా వీధి మలుపు తిరగకముందే దాన్ని పసిగట్టేది మా వంటింటి గిన్నెల స్టాండు. గ్లాసులు గలగలమంటాయి. తరవాత కిటికీ అద్దాలు, ఆ తరవాత నా పొట్ట. చెవుల వంతు ఆఖర్న. తలుపులు బిగిస్తే పాట బయటే ఆగిపోతుంది. దరువు మాత్రం చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చేస్తుంది. శబ్దం ఎంత మంద్రమైతే దానికి గోడ అంత లోకువ.

మామూలు మనిషి చెవికి ఆనేది 20 హెర్ట్జ్ నుంచి. అంతకన్నా కిందిది గట్టిగా మోగితే వినిపించినట్టు ఉండదు, ఒళ్ళు అదిరినట్టు ఉంటుంది. గుండె, పేగులు, చెమట మన అనుమతి అడిగి పనిచేసేవి కావు. మరి వాటిని వీధిలో దరువు ఆడించగలదా?

మా బావమరిది లెక్కలో ఇది ఎప్పుడో తేలిపోయింది. ఫలానా మంద్రస్వరం మోగితే చాలు, విన్నవాడికి నిలబడ్డచోటే విరేచనం అయిపోతుందని వాడి నమ్మకం. ఇంగ్లీషువాళ్ళు దానికి బ్రౌన్ నోట్ అని పేరు కూడా పెట్టారు. ఎవరైనా విని భయపడే కబురిది. మావాడికి మాత్రం ఆశ. ఇసబ్‌గోల్ లేనిదే రాత్రి గడవని మనిషి. త్రిఫల చూర్ణం, ఆముదం, గోరువెచ్చటి నీళ్ళు అన్నీ అయ్యాయి. ఇక మిగిలింది ధ్వనిశాస్త్రమే.

“బావా, నిమజ్జనం ఊరేగింపులో డీజే బాక్సుకి ఆనుకునే నడిచాను.”

“అయితే?”

“చెవులు దిబ్బళ్ళేశాయి. అంతే.”

వాడిని ఓదార్చడానికి చెప్పాను, పెద్దపెద్దవాళ్ళకే అవలేదురా అని. 1960లలో రాకెట్ రొదను వ్యోమగాములు తట్టుకోగలరా అని అమెరికాలో పరీక్షలు చేశారు. మనుషుల్ని నిలబెట్టి 150 డెసిబెళ్ళ దాకా మంద్రధ్వని మోగించారు. ఛాతీ అదిరింది, దగ్గొచ్చింది, గొంతులో వికారం పుట్టింది, చూపు చెదిరింది. పంట్లాములు మాత్రం క్షేమం. 2005లో మిత్‌బస్టర్స్ అనే టీవీ కార్యక్రమంలో ఆడమ్ శావేజ్ చుట్టూ పెద్దపెద్ద స్పీకర్లు పేర్చి మళ్ళీ మోగించారు. ఆయనా పొడిగానే ఇంటికెళ్ళాడు.

అలాగని అంతా వేళాకోళం కాదు. 2004లో బెల్జియం వైద్యులు థొరాక్స్ పత్రికలో కొందరు కుర్రాళ్ళ సంగతి రాశారు. హోరెత్తే సంగీతం వింటూండగా వాళ్ళ ఊపిరితిత్తి కుదించుకుపోయిందట. అందులో ఒకడు కారులోనే 1000 వాట్ల బేస్ బాక్సు పెట్టుకున్న ఘనుడు.

దయ్యాల సంగతీ ఉంది. ఇంగ్లండులో కోవెంట్రీకి చెందిన విక్ టాండీ అనే ఇంజనీరుకి రాత్రి ల్యాబులో ఒంటరిగా ఉండగా చల్లటి చెమటలు పట్టాయి, కంటికొసన బూడిదరంగు ఆకారం కదిలింది. మర్నాడు చూస్తే బిగించిపెట్టిన కత్తి దానంతటదే వణుకుతోంది. వెతికితే కొత్తగా పెట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాను! దాని దరువు 19 హెర్ట్జ్ దగ్గర. ఫ్యాను సంగతి చూశాక దయ్యం వదిలింది. ఆయన 1998లో దీన్ని వ్యాసంగా అచ్చేశాడు. అందరూ ఒప్పుకోలేదు గానీ నాకు నచ్చింది. భూతవైద్యుడి దక్షిణ ఎలక్ట్రీషియన్‌కి దక్కిన ఉదంతం ఇంకోటి నేను వినలేదు.

ఇంతకీ శరీరంలో నిజంగా లొంగిపోయేవి కాళ్ళు. 2022లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక కచేరీలో చెవికి దాదాపు ఆనని మంద్రధ్వనిని రెండున్నర నిమిషాలకోసారి పెడుతూ ఆపుతూ పోయారు. జనానికి తేడా తెలీలేదు. అయినా అది మోగుతున్నప్పుడు దాదాపు 12 శాతం ఎక్కువ ఊగారు. ఊరేగింపుల్లో రిటైరైన హెడ్మాస్టర్లు కర్చీఫు గాల్లో తిప్పుతూ తీన్‌మార్ వేయడానికి కారణం మందే అనుకునేవాణ్ణి. కొందరి విషయంలో అదే అనుకోండి.

చట్టం ఏమంటుంది? 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళున్నచోట పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు. కానీ ఆ కొలత ‘ఏ’ తూకంలో. చెవి మంద్రధ్వనిని తక్కువగా వింటుంది కాబట్టి మీటరూ తక్కువగానే లెక్కేస్తుంది. 50 హెర్ట్జ్ దరువుకి 30 డెసిబెళ్ళ తగ్గింపు! దసరా సేల్లో కూడా ఇంత రాయితీ ఉండదు. చట్టం చెవిని కాపాడింది, పొట్టను గాలికొదిలేసింది. రాయితీ పోనూ మా వీధి డీజే హద్దు దాటుతూనే ఉంటాడు, అది వేరే సంగతి.

వచ్చే మాఘమాసంలో మా బావమరిది కొడుకు పెళ్ళి. డీజే బేరానికి నన్నూ తీసుకెళ్ళాడు. పాటల జాబితా చూడనైనా చూడలేదు.

“బేస్ బాక్సులు ఇంకో రెండు వెయ్యి తమ్ముడూ,” అన్నాడు.

“అంత ఎందుకు సార్, పెద్దవాళ్ళుంటారు కదా?”

“పెద్దవాళ్ళ కోసమే.”