గోడకు సున్నం లేదు, జేబుకు చిల్లుంది

కొత్త సినిమా మొదటి ఆటకని బెల్లంకొండ నుంచి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు వెళ్లే కుర్రాళ్లు ఇదివరకు ఏదో లాడ్జీలో దిగేవారు. ఇప్పుడు 'బొటిక్ హోటల్' కావాలట. లోపల చూడబోతే సిమెంటు పూయని ఇటుక గోడ, తీగకు వేలాడే ఒంటి బల్బు, కింద మన మాచర్ల నాపరాయి. ఊళ్లో అలాంటి ఇల్లు కనిపిస్తే 'పాపం, అప్పు పుట్టలేదేమో' అంటాం. అక్కడ సెల్ఫీ దిగుతాం. బాత్రూముకేమో గాజు గోడ. బావమరిదితో వెళ్లినవాడి గతేంగాను! మన కొండమీద రెడ్డిరాజుల కోటలోనూ పూత లేని గోడలే, అద్దె మాత్రం లేదు.

అన్నట్టు, 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా గదికి జీఎస్టీ 5 శాతం. వంద దాటిన సినిమా టికెట్టుకు 18 శాతం. సినిమా మానేసి గదిలో పడుకోవడమే లాభం.