కర్ణభేదిని: ఒక సీడీ అట్టకు టీకా తాత్పర్యం

మూలం

ఒరేయ్ బావా, ఇది వినేటప్పుడు తలుపేసుకో.
ఆడు అరుస్తుంటే మనకి గొంతు పోద్ది.
అయిదో పాట కాడ ఆపమాక.
డిస్కు తిరిగియ్యకపోతే చంపేస్తా.

అవతారిక

మూలం దొరికింది తాళపత్రం మీద కాదు, రూళ్ళ కాగితం మీద. నోటుబుక్కులోంచి చింపి, మడతలు పెట్టి, ప్లాస్టిక్ పెట్టెలో సీడీకి అట్టగా దోపారు. సీడీ మీద స్కెచ్ పెన్నుతో ‘ఎల్‌పీ’ అని రెండక్షరాలు. వాటి కింద గీసిన గీత ఉత్సాహం ఎక్కువై అంచు దాటిపోయింది. కర్త భట్టిప్రోలు వాస్తవ్యుడు, తెనాలి-రేపల్లె లైన్లో పాసింజరు ఎక్కి కాలేజీకి పోయివచ్చే ఇంజనీరింగు విద్యార్థి. తన పేరు రాసుకోలేదు. సంబోధితుడు మేనత్త కొడుకు. కాలం, పాటలు సీడీల మీదికి ఎక్కించుకుని చేతులు మార్చుకునే రోజులు. ఫోన్లో చిప్ వేయించుకునే యుగం ఇంకా రాలేదు.

వర్ణ్య వస్తువు ‘హైబ్రిడ్ థియరీ’. లింకిన్ పార్క్ అనే అమెరికా బృందం 2000 అక్టోబరు 24న విడుదల చేసిన మొదటి ఆల్బమ్. మొత్తం 12 పాటలు, అన్నీ కలిపి 38 నిమిషాల లోపే. మన హాస్టళ్ళలో నేనెరిగిన చాలామందికి ఇంగ్లీషు పాటల అక్షరాభ్యాసం దీనితోనో, దీని తర్వాత వచ్చిన ‘మెటియోరా’తోనో జరిగింది.

కాళిదాసు కావ్యాలకు రాసిన టీకకు మల్లినాథసూరి సంజీవని అని పేరు పెట్టుకున్నాడు, భారవి కావ్యానికి రాసినదానికి ఘంటాపథం అని. విషయాన్ని బట్టి నా టీకకు కర్ణభేదిని అని పెట్టుకున్నాను. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన రెండు ఒట్లు పెట్టుకున్నాడు. మొదటిది శిరసావహిస్తాను. రెండోది పాటిస్తే టీకాకారులెవరికీ పని ఉండదు.

పాఠ నిర్ణయం గురించి ఒక మాట. ‘ఆపమాక’ను ‘ఆపకు’ అనీ, ‘పోద్ది’ని ‘పోతుంది’ అనీ దిద్దమని సలహా ఇచ్చినవారున్నారు. పాత్రోచిత భాష కోసం పండితులతో పోట్లాడిన వేదం వెంకటరాయశాస్త్రిగారే ఆముక్తమాల్యదకు వ్యాఖ్య కూడా రాశారు. ఆయన దారిలో నడిచేవాడెవడూ భట్టిప్రోలు కుర్రాడి నోట ‘ఆపకు’ అనిపించడు.

మొదటి వాక్యం

ఒరేయ్ బావా = ఓ మేనత్త కుమారుడా. ‘ఒరేయ్’లో చనువు, ‘బావా’లో వరస. రెండూ ఒకే ఊపిరిలో రావడం కృష్ణా డెల్టాలో దోషం కాదు. ఇది = ఈ డిస్కును. పేరెత్తకుండా సర్వనామంతో సరిపెట్టడం భక్తుల పద్ధతి. తలుపు + ఏసుకో = గడియ కూడా పెట్టుకొనుము అని భావం.

తలుపెందుకు? చప్పుడు బయటికి పోకుండా అన్నది వాచ్యార్థం. నాన్న లోపలికి రాకుండా అన్నది లక్ష్యార్థం. ఏడిస్తే ఎవరూ చూడకుండా అన్నది వ్యంగ్యార్థం, కర్త మనసులో ఉన్నదీ ఇదే. అయితే డెల్టా ఊళ్ళలో పగటిపూట తలుపేసుకున్న గది కంటే జనాన్ని ఆకర్షించేది ఇంకోటి లేదు. పావుగంటకల్లా పక్కింటి పిన్ని వచ్చి “ఏరా, ఒంట్లో బాలేదా?” అని తలుపు తడుతుంది. ఈ లోకజ్ఞానం కర్తకు లేదనలేం. ఉన్నా చెప్పాడంటే వస్తువు మీద ఉన్న గురి అలాంటిది.

రెండవ వాక్యం

ఆడు = వాడు, చెస్టర్ బెన్నింగ్టన్ అనే గాయకుడు. అరుస్తుంటే = అరచుచుండగా. మనకి = నీకూ నాకూ. గొంతు పోద్ది = కంఠం బొంగురుపోవును.

శంక: లోకమంతా ఎరిగిన గాయకుణ్ణి ‘ఆడు’ అనవచ్చునా? సమాధానం: వెంకన్నను ‘వాడు’ అనీ, కృష్ణుణ్ణి ‘వీడు’ అనీ పాడుకునే జాతికి ఇది అడగవలసిన ప్రశ్న కాదు.

అలంకారం అసంగతి. కారణం ఒకచోట, కార్యం మరోచోట ఉంటే అసంగతి అని అప్పయ్య దీక్షితుల లక్షణం. అరిచేది కాలిఫోర్నియాలో వాడు, గొంతు పోయేది భట్టిప్రోల్లో వీడికి. ఉదాహరణ కోసం అలంకారశాస్త్రం చదివే పిల్లలు ఇక వేరే శ్లోకం వెతుక్కోనక్కర్లేదు.

ఇక్కడ పూర్వపక్షం బలమైనది. కర్త తండ్రిగారిది. “అది పాటంట్రా? పీక కోసినట్టు ఆ అరుపులేంటి?” అని ఆయన ఆక్షేపణ. తీసిపారేయడానికి వీల్లేదు, ఎందుకంటే ఆయన సంగీతం తెలియనివాడు కాదు. మైకుసెట్టు పెట్టించి రాత్రంతా హరిశ్చంద్ర నాటకం వేయించిన ఊళ్ళకు సైకిలు మీద పోయి, తెల్లవారుజామున కాటిసీను దాకా కూర్చుని వచ్చినవాడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన నాటకంలోకి నటులు జాషువా శ్మశానవాటి పద్యాలు చేర్చుకుని పాడుతుంటే, డి.వి. సుబ్బారావు లాంటివారు చివరి పాదం అందుకుని పైస్థాయిలో రాగం సాగదీస్తుంటే, “వన్స్‌మోర్” అన్నవాడు. చచ్చిన కొడుకు ముందు నిలబడ్డ రాజు ఏడుపుకు వన్స్‌మోర్! దాన్ని క్రూరత్వమని ఎవరైనా అన్నారా? రసజ్ఞత అన్నారు.

కాటిసీను కట్టుబడి చూడండి. ముందు వచనం. నటుడు నిలకడగా, దాదాపు మాట్లాడుతున్నట్టుగా, పరిస్థితి చెప్పుకుంటూ వస్తాడు. హార్మోనియం కింద గుయ్‌మంటూ ఉంటుంది. మాటలు భారం మోయలేని చోట పద్యం ఎత్తుకుంటాడు. పద్యం చివర మాట కూడా చాలదు, రాగం మిగులుతుంది. ‘హైబ్రిడ్ థియరీ’లో చాలా పాటల కట్టుబడి అచ్చం ఇదే. ఇదే బృందంలోని మైక్ షినోడా వచనం చెబుతాడు, లయ తప్పకుండా, లెక్కగా, గొంతు పెంచకుండా. ఆ లెక్క తెగేచోట చెస్టర్ పద్యం ఎత్తుకుంటాడు. పద్యం కొసన మాట అరిగిపోయి అరుపు మిగులుతుంది. హార్మోనియం చేసే పని బ్రాడ్ డెల్సన్ గిటారు చేస్తుంది. తండ్రీ కొడుకులు చూస్తున్నది ఒకే నాటకం, పందిళ్ళు వేరు.

“రాగం వేరు, అరుపు వేరు” అని తండ్రిగారు అంత తేలిగ్గా ఒప్పుకోరు. అప్పుడు భరతుణ్ణి పిలవాలి. నాట్యశాస్త్రం సాత్త్విక భావాలు ఎనిమిదని లెక్క కట్టింది: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. కన్నీటికి ఏ పీట వేశారో గొంతు పగలడానికీ అదే పీట వేశారు. పైగా సత్త్వం అంటే మనసు ఒకచోట నిలవడం. అది లేనిదే నటుడికి ఈ ఎనిమిదిలో ఒక్కటీ నిజంగా రాదని శాస్త్రం. ఒళ్ళు తెలియకుండా అరిచేవాడి గొంతు మూడో పాటకే పడకేస్తుంది. చెస్టర్ గొంతు పాటలో సరిగ్గా కావలసిన చోటే చీలుతుంది, మరుక్షణం శుభ్రమైన స్వరానికి తిరిగొస్తుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆ అతుకు ఎక్కడుందో వెతికి చూడండి, దొరకదు. పచ్చిగా వినిపించడం వెనుక ఉన్న పనితనం ఇంతా అంతా కాదు. నిర్మాత డాన్ గిల్మోర్, మిక్సింగ్ ఆండీ వాలెస్. నిర్వానా ‘నెవర్‌మైండ్’కు మిక్సింగ్ చేసిన చేయి కూడా ఆ వాలెస్‌దే.

అసలు చెస్టర్ ఈ బృందంలోకి వచ్చిన తీరే శాస్త్రానికి సాక్ష్యం. 1999లో వీళ్ళు పాటల టేపు పంపితే, తన 23వ పుట్టినరోజు విందు మధ్యలో లేచిపోయి స్టూడియోలో పాడి రికార్డు చేశాడు. కేకు వదిలేసి కేకలు పెట్టడానికి పోయినవాణ్ణి సత్త్వం లేనివాడని ఎలా అంటాం?

ఇంకొక ఆక్షేపణ: కుర్రాడికి ఆ ఇంగ్లీషు ఏం అర్థమై ఉంటుంది? సగం అర్థమై ఉండదు. కాలవ అవతలి ఊళ్ళో నాటకమైతే, గాలివాటున ఇవతలికి వచ్చేది పద్యంలో మాటలు కాదు, ఆ గొంతులోని కొస మాత్రమే. అది విని మంచం మీద లేచి కూర్చున్నవాళ్ళు ఉన్నారు. తండ్రిగారు అందులో ఒకరు.

ఇక రస నిర్ణయం. చూడగానే రౌద్రం అనిపిస్తుంది. కానీ రౌద్రానికి ఆలంబనం శత్రువు. భీముడి కోపానికి దుశ్శాసనుడు కావాలి. ఈ పాటల్లో దుశ్శాసనుడెవరని వెతికితే చాలాచోట్ల దొరికేది పాడేవాడే. తన మీదికే తిరిగిన కోపాన్ని రౌద్రంలో వేయలేం, శోకంలో వేయాలి. కనుక కరుణం. రసమంటే కరుణమొక్కటే, తక్కినవి దాని రూపాలన్న భవభూతి ఈ సీడీ వింటే పేచీ పెట్టడు.

విశేషం: ఇంత కోపమున్న ఆల్బమ్‌లో ఒక్క బూతు మాట లేదు. ఇది అమెరికాలో ఎంత విశేషమో నాకు తెలీదు గానీ, మా గుంటూరు సీమలో బూతు లేకుండా కోపాన్ని 38 నిమిషాలు లాగడం అవధానంతో సమానం.

మూడవ వాక్యం

అయిదో పాట కాడ = అయిదవ పాట వద్ద. ఆపమాక = ఆపకుము.

ఇక్కడ పండితుల్లో పెద్ద వివాదం. ఆల్బమ్ అసలు వరసలో అయిదో పాట ‘క్రాలింగ్’. కానీ మన చేతికొచ్చింది ఎంపీ3 సీడీ. ఫైళ్ళకు ముందు అంకెలు లేకపోతే ప్లేయరు ఇంగ్లీషు అక్షరక్రమంలో పాడుతుంది. ఆ లెక్కన ‘ఎ ప్లేస్ ఫర్ మై హెడ్’ మొదటిది, ‘క్రాలింగ్’ మూడోది. అయిదో స్థానానికి ‘ఫర్గాటెన్’ వస్తుంది. కర్త ఏ సంప్రదాయం వాడు? ‘ఫర్గాటెన్’ పక్షం వారి వాదం: కర్త తను విన్న వరసే రాస్తాడు గానీ, కంటితో చూడని ఒరిజినల్ క్యాసెట్టు వరస ఎందుకు రాస్తాడు? బలమైన వాదమే. నేను మాత్రం ‘క్రాలింగ్’ పక్షమే. కారణం, ‘ఆపమాక’ అని ముందే చెప్పాల్సిన పాట ఆల్బమ్‌లో అదొక్కటే. అది మొదలవడం కీబోర్డు మీద సన్నగా, చల్లగా మొదలవుతుంది. ఆ వెంటనే ఏ ఉపోద్ఘాతం లేకుండా నిండు గొంతు మీద పడుతుంది. కొత్తవాడి చేయి తెలియకుండానే వాల్యూం మీదికి పోతుంది. కర్తకు ఆ చేయి కనిపించింది.

2002లో గ్రామీ పురస్కారాల్లో ఉత్తమ హార్డ్ రాక్ ప్రదర్శన బహుమతి ఈ పాటకే వచ్చింది. పాటలో వస్తువు తన మీద తనకు పట్టు తప్పడం. చిన్నతనంలో తనమీద జరిగిన లైంగిక హింస గురించీ, మత్తుమందుల గురించీ చెస్టర్ ఎక్కడా దాచుకోలేదు, ఇంటర్వ్యూల్లో తనే చెప్పాడు. 2017 జులై 20న, 41 ఏళ్ళ వయసులో, ప్రాణం తీసుకున్నాడు. మూలకర్త ఈ నాలుగు వాక్యాలు రాసేనాటికి ఇది జరగలేదు. టీకాకారుడికి తెలుసు. ‘ఆపమాక’ను ఇవాళ చదివితే అది ఎవరితో అంటున్నట్టో తేల్చుకోవడం కష్టం. ఇక్కడ చమత్కారం చేయబుద్ధి కాలేదు, ముందుకు పోతున్నాను.

నాలుగవ వాక్యం

డిస్కు = పైన చెప్పిన సీడీని. తిరిగియ్యకపోతే = మరలింపనిచో. చంపేస్తా = ఈ మాండలికంలో వాత్సల్యవాచకం. తల్లులు అన్నం తినని పిల్లల మీదా, బావమరుదులు బావల మీదా ప్రయోగిస్తారు. పోలీసులు పట్టించుకోనక్కర్లేదు.

పైమూడు వాక్యాల్లో కవి అయినవాడు నాలుగో దాంట్లో ఒక్కసారిగా షావుకారు అయ్యాడని విమర్శ ఉంది. పుస్తకమూ డబ్బూ చేయి దాటితే తిరిగిరావని లోకమంతా అంటుంది, కానీ భట్టిప్రోలు వాడికి ఈ భయం మరికాస్త ఎక్కువ ఉండడం న్యాయం. ఊళ్ళో ఉన్న దిబ్బను 1892లో అలెగ్జాండర్ రే అనే దొర తవ్వించాడు. బౌద్ధ స్తూపం కడుపులోంచి మూడు రాతి పేటికలు, లోపల స్ఫటికపు భరిణె, ధాతువులు బయటపడ్డాయి. పేటికల మీద బ్రాహ్మీ లిపిలో శాసనాలున్నాయి. వాటిలో కుబీరక రాజు పేరుంది. కురుడి తండ్రి, కురుడి తల్లి, కురుడు, శివుడు కలిసి పేటికా భరిణే చేయించారనీ ఉంది. అంటే రెండువేల ఏళ్ళ కిందటి ఆ కుటుంబం మన కర్తలా కాకుండా పేర్లు శుభ్రంగా రాతిలో చెక్కించుకుంది. ఏం లాభం? పేటికలు మద్రాసు మ్యూజియానికి పోయాయి. ధాతువు 1920లో కలకత్తాలో మహాబోధి సొసైటీవారి ధర్మరాజిక విహారం చేరింది. స్తూపం రాళ్ళలో చాలావాటిని అంతకుముందే కాలవ పనులకు మోసుకుపోయారు. పేర్లు రాసిన పెట్టెలకే ఆ గతి పట్టిన ఊళ్ళో, పేరు రాయని ప్లాస్టిక్ పెట్టె ఇచ్చేవాడు చంపేస్తానక ఏమంటాడు?

పాఠాంతరం: కాగితం వెనకవైపు వేరే చేతిరాతతో, పెన్సిలుతో, ‘రెండ్రోజులు ఆగు’ అని ఉంది. ఇది బావగారి ప్రతివచనమని కొందరు, ప్రక్షిప్తమని కొందరు.

డిస్కు ప్రస్తుతం టీకాకారుడి దగ్గర ఎందుకున్నదన్న ప్రశ్న ఈ వ్యాఖ్య పరిధిలోకి రాదు.