వాగ్దానాల పెట్టెలో లేని వచనాలు

"మాకు సిద్ధాంతాలు వద్దండీ, యేసు చాలు" అనేవాళ్ళకు తెలుగు సంఘాల్లో కొదవ లేదు. రక్షణకు దేవుడు కొందరిని ముందే ఏర్పరచుకున్నాడా, మనిషి తన ఇష్టంతో నమ్ముతాడా అని ఎవరైనా కుర్రాడు అడిగితే, "అవన్నీ సెమినరీ వాళ్ళ గొడవలు, నువ్వు ప్రార్థన చేసుకో నాయనా" అని పంపేస్తారు. అదే సంఘంలో డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు వాగ్దానాల పెట్టె బయటికొస్తుంది. వరసలో వచ్చి, కళ్ళు మూసుకుని, తలా ఒక కార్డు తీస్తారు. ఆ వచనం ఏడాది పొడుగునా దేవుడు తమకిచ్చిన మాట. వేలు ఏ కార్డు మీద పడాలో దేవుడే నిర్ణయించాడంటే, దేవుని ముందస్తు ఏర్పాటును బోధించిన కాల్విన్ లేచి చప్పట్లు కొట్టేంత గట్టి సిద్ధాంతమది. నిర్ణయించలేదంటే లక్కీడ్రా. పైగా ఆ పెట్టెలో ఆమోసు ప్రవక్త గద్దింపు ఒక్కటీ చేతికి తగలదు. ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలో దీవెనలకు 14 వచనాలు, శాపాలకు 54. కార్డెక్కేవి మాత్రం దీవెనలే. ఏ వచనం ఎన్నికవ్వాలో, ఏది తోసివేయబడాలో అచ్చు వేసినాయన జగత్తు పునాదికి ముందు కాకపోయినా నవంబరులోనే తేల్చేశాడు.

చీటీల భక్తికి పెద్దల దాఖలా ఉంది. 1739లో బ్రిస్టల్‌లో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ ముందస్తు ఏర్పాటు బోధను ఏకిపారేసే ప్రసంగం ఒకటి సిద్ధం చేసుకున్నాడు. చెప్పాలా, అచ్చు వేయించాలా అన్నది ఎటూ తేలక చీటీలు వేశాడు. రెండూ చెయ్యమని వచ్చింది, చేశాడు. పుట్టకముందే ఎవరి తీర్పూ రాసిపెట్టి లేదని చాటే ప్రసంగానికి అనుమతి ఒక చీటీ ఇచ్చిందన్నమాట! కాల్విన్ పక్షాన ఉన్న ఆయన మిత్రుడు జార్జ్ వైట్‌ఫీల్డ్ 1740 డిసెంబరులో రాసిన జవాబులో ఆ సంగతి బయటపెట్టి చీవాట్లు పెట్టాడు. అయితే వెస్లీకీ మనవాళ్ళకీ తేడా ఉంది. చీటీ తీసినా ఆయన లేఖనాలు ముందేసుకుని వాదించాడు, ఏది ఎందుకు నమ్ముతున్నాడో చెప్పాడు. అందుకే తప్పు పట్టడానికి వైట్‌ఫీల్డ్‌కు వీలు దొరికింది. నాకు సిద్ధాంతమే లేదనేవాణ్ణి ఎక్కడని పట్టుకుంటాం?

సిద్ధాంతంతో ఒరిగేదేముంది అంటారా? 18వ శతాబ్దపు ఇంగ్లండులో, కాల్విన్ పక్షాన ఉన్న పర్టిక్యులర్ బాప్టిస్టు బోధకులు కొందరు ఏర్పాటు సిద్ధాంతాన్ని ఎంతగా బిగించారంటే, మారుమనస్సు లేనివాళ్ళను నమ్మమని పిలవడమే తప్పన్నారు. ఎన్నికైనవాళ్ళు ఎలాగూ వస్తారు, మిగతావాళ్ళను పిలిచి లాభమేమిటని వాళ్ళ లెక్క. వాళ్ళలోనే ఒకడైన ఆండ్రూ ఫుల్లర్ 1785లో ఒక పుస్తకం రాసి ఆ ముడి విప్పాడు. ఎన్నిక దేవుడిది, కానీ సువార్త విన్న ప్రతివాడికీ నమ్మే బాధ్యత ఉంది, కాబట్టి అందరికీ చెప్పి తీరాలి అన్నాడు. ఆ వాదం నిలబడ్డాకే 1792లో కెటరింగ్‌లో మిషనరీ సంఘం పుట్టింది, ఫుల్లరే దానికి కార్యదర్శి. మరుసటి ఏడాది, ఒకప్పుడు చెప్పులు కుట్టిన విలియం కేరీ బెంగాలుకు ఓడెక్కాడు. ఆయన తెలుగు వ్యాకరణం 1814లో వచ్చింది. 1818లో శ్రీరాంపూర్ అచ్చుకూటం తెలుగు కొత్త నిబంధనను ముద్రించింది. ఫుల్లర్, కేరీ ఇద్దరూ ఏర్పాటును నమ్మినవాళ్ళే. ఆ నమ్మకం మనిషిని సోమరిని చేస్తుందనేవాళ్ళు కేరీ దినచర్య ఒకసారి చూడాలి.

ఈ గొడవలే తలలు తీయించాయి కదా అన్నది మాత్రం గట్టి అభ్యంతరం. 1618 నవంబరు నుంచి 1619 మే వరకు నెదర్లాండ్స్‌లోని డార్ట్‌లో జరిగిన సభ, కాల్విన్ ఏర్పాటు బోధను కాదన్న ఆర్మీనియస్ అనుచరుల అయిదు అంశాలను కొట్టేసింది. అదే మే 13న, వాళ్ళకు అండగా నిలిచిన 71 ఏళ్ళ డచ్ రాజనీతిజ్ఞుడు ఓల్డెన్‌బార్నెవెల్ట్‌కు హేగ్‌లో శిరశ్ఛేదం జరిగింది. మోపిన నేరం రాజద్రోహం. వెనకున్నది డచ్ సేనాధిపతి మారిస్‌తో అధికార తగవు, స్పెయిన్‌తో సంధి విషయంలో పేచీ. సభలో గెలిచినవాళ్ళు ఆ పూట ప్రభుత్వ కత్తి చాటున హాయిగా నిలబడ్డారు, దాన్ని కప్పిపుచ్చక్కర్లేదు. తప్పు ఆ కత్తిది. అది లేనిచోట వెస్లీ, వైట్‌ఫీల్డ్ ఎంత ఘాటుగా తిట్టుకున్నా, 1770లో వైట్‌ఫీల్డ్ పోయాక ఆయన కోరిక మేరకే లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీ.

సామాన్య విశ్వాసికి ఇవన్నీ ఎందుకంటారు మరికొందరు. సామాన్య విశ్వాసి రోజూ వాడుకునేవి ఇవే. మన అబ్బాయి పరీక్ష పాసైతే అది మన విశ్వాసం, మన ఉపవాసాల ఫలం. తప్పితే దేవుని చిత్తం. పక్కింటి అబ్బాయి తప్పితే వాళ్ళింట్లో ఏదో పాపం. మొదటిది మనిషి ప్రయత్నమే చాలన్న పెలాగియస్, రెండోది అంతా దేవుని చేతిలోనే ఉందన్న అగస్టీను, మూడోది కష్టమొస్తే పాపమే కారణమన్న యోబు స్నేహితులు. 418లో కార్తేజ్ సభ తోసిపుచ్చిన పెలాగియస్ మన సాక్ష్యాల కూటాల్లో దర్జాగా కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఇక బిడ్డ పోయిన ఇంట్లో "దేవుడే తీసుకెళ్ళాడా?" అని తల్లి అడిగినప్పుడు సంఘం దగ్గర జవాబు లేకపోతే, ఆ ఖాళీలోకి తలరాత వచ్చి చేరుతుంది. తలరాతకు మొర వినే చెవి లేదు. కాల్విన్ చెప్పిన దేవుడికి ఉంది.

పాస్టరుగార్లకు ఒక మనవి. రోమా పత్రికలో 8వ అధ్యాయం నుంచి ఒక్క దూకున 12కు పోకండి. కుమ్మరీ మట్టీ ఉన్న 9వ అధ్యాయాన్నీ, ప్రకటించేవాడు లేకుండా ఎలా వింటారని నిలదీసే 10వ అధ్యాయాన్నీ ఒకే ఆదివారం చదివించండి. రెండూ పౌలు చెప్పినవే. ప్రశ్నలొస్తాయి, రానివ్వండి.