మదురై గైడు పద్యం: టీకా తాత్పర్యం

మూలం

ఆ. చెప్పు లిచట విడిచి చేతులు కడిగి రా
గోపురంబుఁ జూడు గుంపు విడకు
ముందు నడువుమయ్య మూసెద రిఁక గుడి
బస్సు కదలుచుండె భద్ర మనఘ!

అవతారిక

కోయంబత్తూరు దగ్గరి మేట్టుపాళయం నుంచి రాత్రి బయలుదేరి తెల్లవారేసరికి మదురై చేరిన తెలుగు యాత్రికుల గుంపును ఉద్దేశించి, మీనాక్షీ సుందరేశ్వరుల గుడి ముందు గైడు పలికిన మాటలివి. అతడు పలికేది వచనమే, అదీ సగం తమిళం, సగం తెలుగు. ఆటవెలదిలో పెట్టినది వ్యాఖ్యాతలు. కర్త ఒక్కడే అనడానికి వీల్లేదు. ఈ ఊళ్ళో ప్రతి గైడూ ప్రతి ఉదయం ఇదే అంటాడు గనుక దీన్ని అపౌరుషేయంగా భావించడమే ఉచితం.

గైడుకు తెలుగు ఎలా వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం మేట్టుపాళయంలో దొరకదు. శబరిమలకు పోతూ వస్తూ మదురైలో దిగే ఆంధ్ర, తెలంగాణ అయ్యప్పస్వాముల దగ్గర అతడు నేర్చిన తెలుగు అది. కోయంబత్తూరు ప్రాంతపు తెలుగువారితో గైడు మొదట తమిళమే మాట్లాడతాడు, వాళ్ళూ తమిళంలోనే జవాబిస్తారు. తరువాత వాళ్ళలో వాళ్ళు "ఈడనే ఉండు, నేను చూసొస్తా" అనుకోవడం విని, ఉలిక్కిపడి, తెలుగులోకి దిగుతాడు. దిగినా పెద్ద ప్రయోజనం లేదు. అతని తెలుగు నిన్నటి సీజనులో వచ్చింది. వీళ్ళ తెలుగు విజయనగర సైన్యాల వెంట, మదురై నాయకరాజుల పాలన వెంట, శతాబ్దాల క్రితం వాళ్ళ ప్రాంతమైన కొంగునాడు చేరింది. రెండూ కలుసుకునే చోటు "స్వామీ" అన్న పిలుపు ఒక్కటే.

ప్రతిపదార్థం

అనఘ = ఓ పాపరహితుడా, అనగా టూరు డబ్బు ముందే కట్టినవాడా; ఇచట = ఈ చెప్పుల స్టాండులో; చెప్పులు = పాదరక్షలను; విడిచి = అప్పగించి, టోకెను పుచ్చుకొని; చేతులు = హస్తములను; కడిగి = ప్రక్షాళనము చేసి; రా = రమ్ము; గోపురంబున్ = గోపురమును; చూడు = చూడుము; గుంపు = తోటి యాత్రికుల సమూహమును; విడకు = వదలకుము; అయ్య = ఓయీ; ముందు = ముందరికి; నడువుము = నడవు; ఇఁకన్ = మరి కొద్దిసేపటిలో; గుడి = ఆలయమును; మూసెదరు = మూయుదురు; బస్సు = ఆంగ్ల తత్సమము, పదునెనిమిది గంటలు కూర్చొనదగిన వాహనము; కదలుచున్ ఉండెన్ = కదలుచున్నది; భద్రము = జాగ్రత్త.

వ్యాఖ్య

"చెప్పు లిచట విడిచి." కొన్ని ప్రతులలో "ఫోను లిచట విడిచి" అనే పాఠాంతరం ఉంది. గణాలు సరిపోతాయి గాని, 'ఫో'కూ 'చే'కూ యతి కుదరదు గనుక లాక్షణికులు దాన్ని తోసిపుచ్చారు. అయితే 2018 ఫిబ్రవరిలో గుడి ప్రాంగణంలోని వీరవసంతరాయ మండపంలో అగ్నిప్రమాదం జరిగాక లోపలికి సెల్‌ఫోన్లు తీసుకుపోవడం నిషిద్ధమైంది. అప్పటి నుంచి ఛందస్సు కాదన్న పాఠమే అమల్లో ఉంది. ఫోను లేని యాత్రికుడు మొదటి పది నిమిషాలు చొక్కా జేబు తడుముకుంటూ ఉంటాడు. ఆ తరువాత అతనికి కప్పు మీది చిత్రాలు కనిపించడం మొదలవుతుంది.

"గోపురంబుఁ జూడు." ఆలయానికి గోపురాలు పద్నాలుగు ఉండగా ఏకవచనం ఎందుకని ఆక్షేపం. జాత్యేకవచనమని ఒకరి సమాధానం. నెట్టుకుపోయే వరుసలో మెడ ఎత్తే వ్యవధి ఒక్కదానికే ఉంటుందని మరొకరిది, ఇదే గ్రాహ్యం. ఆ ఒక్కటి దక్షిణ గోపురమైతే మేలు. 16వ శతాబ్దంలో కట్టిన ఇది 170 అడుగులతో అన్నిటికన్నా ఎత్తైనది. ఉత్తరపుదాన్ని పైభాగం పూర్తికాక చాలాకాలం "మొట్టై గోపురం", అనగా బోడి గోపురం అన్నారు. వీటన్నిటినీ మించాలని మదురై రాజు తిరుమల నాయకుడు మొదలుపెట్టిన రాయగోపురం తూర్పు వైపున పాదాల దగ్గరే ఆగిపోయింది. అది గోపురమని గైడు చెప్పడు. చెప్పకపోతే అంగళ్ళ మధ్య అది గోపురమని తెలియదు.

"గుంపు విడకు." ఈ నిషేధం ముఖ్యంగా వేయిస్తంభాల మండపానికి వర్తిస్తుంది. అందులో స్తంభాలు 985. తక్కువైన పదిహేనింటి చోట సన్నిధులు ఉన్నాయి. మండపాన్ని కట్టించినవాడు నాయకరాజు విశ్వనాథ నాయకుని దళవాయి అరియనాథ మొదలియారు. ఏ మూల నుంచి చూసినా స్తంభాలు వరుస తీరి కనిపించే ఆ చోట తప్పిపోయిన మనిషి కూడా వరుసలోనే కనిపిస్తాడు, అందుకే దొరకడు.

గుంపును విడిచినవారు చేరేది సాధారణంగా గుడి తూర్పున ఉన్న పుదుమండపానికి. తిరుమల నాయకుడు వసంతోత్సవానికి కట్టించిన మండపం ఇది. నిన్నమొన్నటి దాకా ఇందులో దర్జీల మిషన్లు, పాత్రల దుకాణాలు, పుస్తకాల అంగళ్ళు కిక్కిరిసి ఉండేవి. వాటిని కున్నత్తూరు చత్రానికి మార్చారు. స్తంభాలకు నాయకరాజుల నిలువెత్తు శిల్పాలున్నాయి. తిరుమల నాయకుడు రాణులతో నిలబడి, బొజ్జ ముందుకు వచ్చి, రెండు చేతులూ జోడించి ఉంటాడు. శిల్పి ఆ బొజ్జను తగ్గించే ప్రయత్నమేమీ చేయలేదు, రాజు చేయమన్నట్టూ లేదు. మేట్టుపాళయం గుంపులో తప్పిపోయి ఇక్కడికి వచ్చిన పెద్దాయన ఆ రాయి ముందు నిలబడితే పోలిక చూసేవారికే తెలుస్తుంది. గైడు మాత్రం "అది రాజు, రండి" అని మూడు మాటల్లో 36 ఏళ్ళ పాలన (1623–1659) ముగించి ముందుకు పోతాడు.

"ముందు నడువుమయ్య." 'అయ్య' అన్నందువల్ల ఈ విధి పురుషులకే అని గ్రహించాలి. స్త్రీలు అప్పటికే వరుసలో ముందున్నారు. వెనుకబడినవారు టీ కొట్టు దగ్గర ఉన్నారు.

"మూసెద రిఁక గుడి." కర్త లుప్తం. ఎవరు మూస్తారో చెప్పకపోవడంలోనే భయం ఉంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు తలుపులు పడితే మళ్ళీ తెరిచేది నాలుగింటికి. ఈ మూడున్నర గంటలే మదురై టూరుకు అసలు పునాది. గుడి మూసి ఉన్నందువల్లనే యాత్రికులు సుంగుడి చీరల దుకాణం, జిగర్‌తండా కొట్టు, మల్లెపూల మూరలు చూస్తారు. 2013లో భౌగోళిక సూచిక పొందిన మదురై మల్లెను మేట్టుపాళయం దాకా వాడకుండా తీసుకుపోవడానికి తడి అరటాకు పొట్లం తప్ప వేరే ఉపాయం లేదు.

"బస్సు కదలుచుండె." రూపం భూతకాలం, అర్థం వర్తమానం, వాస్తవం భవిష్యత్తు. డ్రైవరు ఇంకా భోజనం చేస్తున్నాడు. దీనిలో అబద్ధదోషం ఉందన్న ఆక్షేపానికి వ్యాఖ్యాతలు స్థలపురాణం నుంచే ఉదాహరణ చూపుతారు. చిత్తిర తిరునాళ్ళలో మీనాక్షి అన్నగారైన అళగర్ తన కొండ గుడి నుంచి చెల్లెలి పెళ్ళికి బయలుదేరతాడు. బంగారు గుర్రం మీద వైగై నదిలో దిగేసరికి పెళ్ళి అయిపోయిందని తెలుస్తుంది. అలిగి, ఊళ్ళోకి రాకుండా వండియూరు వైపు మళ్ళిపోతాడు. శైవుల పెళ్ళినీ వైష్ణవుల ఊరేగింపునూ ఒకే నెలలో కలిపి ఈ ఏర్పాటు చేసినవాడు తిరుమల నాయకుడేనని అక్కడి సంప్రదాయం. దేవుడికే ముహూర్తం తప్పిన ఊళ్ళో గైడు ఒక అబద్ధం ముందుగా చెప్పడం దోషం కాదు.

ఆక్షేపం: నది ఏదీ?

నదీతీర పుణ్యనగరాన్ని చూపే పద్యంలో నది పేరే లేదు. ఈ ఆక్షేపం బలమైనది, మేట్టుపాళయం వారు లేవదీసినది. వారి ఊరి పక్కనే భవానీ నది పారుతుంది. తేక్కంపట్టిలో వనభద్రకాళి గుడికి పోయినవారు ఏట్లో కాళ్ళు తడుపుకోకుండా తిరిగి రారు. అలాంటివారికి బస్సు కిటికీలోంచి "వైగై" అని చూపిస్తే వంతెన కింద ఇసుక, దాని మీద క్రికెట్టు ఆడే పిల్లలు, ఒక పక్కగా పచ్చని చారలాంటి నీరు కనిపిస్తాయి. "ఏందప్పా, ఏట్లో నీళ్ళు యాడ?" అని వెనుక సీటు అవ్వ అడిగిన ప్రశ్నకు గైడు వంతెన పొడవు చెప్పి తప్పుకుంటాడు.

సమాధానం ఇది. వైగై పడమటి కొండల్లో పుట్టి 258 కిలోమీటర్లు పారి, మిగిలింది ఏమైనా ఉంటే రామనాథపురం పెద్ద చెరువులో కలుపుతుంది. సముద్రం చేరేది అరుదు. పడమటికి పోయే పెరియార్ నీటిని కొండను తొలిచి ఇటు మళ్ళించిన ఆనకట్ట 1895లో పూర్తయింది. పెన్నీక్విక్ అనే ఇంజనీరు కట్టిన దాని నీరు వైగై లోయ పొలాలకు పోతుంది. ఆండిపట్టి దగ్గర వైగై ఆనకట్ట 1959లో వచ్చింది. కాబట్టి మదురైలో నది ఏడాది పొడవునా ఉండదు. చిత్తిర పున్నమికి అళగర్ దిగడానికి ఆనకట్ట నుంచి నీళ్ళు వదులుతారు. ప్రభుత్వోత్తర్వు మీద వచ్చే పుణ్యనది అన్నమాట.

స్థలపురాణం కూడా ఈ నదిని అవసరానికే పుట్టించింది. మీనాక్షి పెళ్ళిలో గుండోదరుడనే భూతం వంట మొత్తం తిని, దాహమని ఏడిస్తే శివుడు తెప్పించిన నీరే వైగై. అదే నదికి గట్టు తెగినప్పుడు, వంది అనే పిట్టు అమ్ముకునే ముసలమ్మ వంతు పనికి శివుడే కూలివాడై వచ్చాడు. పిట్టు తిని, మట్టి మోయక పడుకుంటే, పాండ్యరాజు బెత్తంతో కొట్టాడు. ఆ దెబ్బ రాజుతో సహా లోకంలో అందరి వీపునా తగిలింది. నదుల పుణ్యం చెప్పే కథలు దేశంలో కొల్లలు. నీటిపారుదల శాఖ పని చెప్పే కథ మాత్రం మదురైది. గైడు దీన్ని వదిలేయడం ఈ పద్యంలో ఉన్న ఒకే ఒక క్షమించరాని లోపం.

నదికి బదులుగా చూపే నీరు వండియూరు మారియమ్మ తెప్పకుళం. తిరుమల నాయకుడు రాజభవనానికి ఇటుకల కోసం మట్టి తవ్వించిన చోటే 1645లో కోనేరైంది. తవ్వకంలో దొరికిన పెద్ద వినాయకుడు ముక్కురుణి వినాయకర్ పేరుతో మీనాక్షి గుడిలో ఉన్నాడు. వైగై నీరు భూగర్భ కాలువల్లో ఇక్కడికి వస్తుంది. తై పూసానికి తెప్పోత్సవం.

ఇక ఆ మట్టితో కట్టిన భవనం. 1636 నాటి తిరుమల నాయకుని మహలు ఇప్పుడు నాలుగో వంతే మిగిలింది. కొంత భాగాన్ని మనవడు చొక్కనాథుడు విప్పించి తిరుచిరాపల్లికి తరలించాడు. మిగిలినదాన్ని మద్రాసు గవర్నరు నేపియర్ (1866–1872) బాగుచేయించాడు. సాయంత్రం మహలులోని స్వర్గవిలాసంలో జరిగే ధ్వని, వెలుగుల ప్రదర్శన తమిళంలోను ఇంగ్లీషులోను ఉంటుంది. తెలుగు కొలువులో ఉన్న రాజు గురించి తెలుగువారు ఇంగ్లీషులో వినే ఏర్పాటు ఇది. ఆ వంశంలోని విజయరంగ చొక్కనాథుడు స్వయంగా శ్రీరంగ మాహాత్మ్యాన్ని తెలుగు వచనంలో రాశాడు. అది తెలిసినవారు ప్రదర్శనకు రారు, వచ్చినవారికి ఎవరూ చెప్పరు.

రైల్వేస్టేషను ఎదుట మంగమ్మాళ్ చత్రం ముందు బస్సు ఆగదు, వేగం తగ్గుతుంది. 1689 నుంచి మనవడి తరఫున పాలించిన రాణి మంగమ్మ దారులకూ సత్రాలకూ పేరు పొందింది. ఆమె తముక్కం మహలులో 1959 నుంచి గాంధీ స్మారక మ్యూజియం ఉంది. గాంధీ కొల్లాయి గుడ్డ కట్టడం మొదలుపెట్టినది కూడా ఈ ఊళ్ళోనే, 1921 సెప్టెంబరు 22న, పడమటి మాసి వీధిలో. చత్రాలు కట్టించిన రాణి పేరు గల భవనం ముందు ఆగకుండా పోవడం టూరు శాస్త్రంలో తప్పు కాదు. పార్కింగు లేదు.

తాత్పర్యం

ఓ పుణ్యాత్మా! చెప్పులు అప్పగించి రా, చూడదగినది ఒకటి చూడు, మిగిలినవాటి కోసం గుంపును విడవకు. గుడి మూసేస్తారు, బస్సు వెళ్ళిపోతుంది, జాగ్రత్త.

అలంకారం మొదటి మూడు పాదాల్లో స్వభావోక్తి, నాలుగో పాదంలో అతిశయోక్తి. రసం భయానకమని కొందరు, హాస్యమని కొందరు. టూరు ఏర్పాటు చేసినవారి దృష్టిలో శాంతం. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య 15 నెలలకు పైగా తిరిగి, మజిలీ మజిలీకి ఊరి పేరు, నీటి వసతి, బజారు రాసుకున్నాడు. ఆయనకు గైడు లేడు. ఈ పద్యం ఆయన విని ఉంటే మొదటి పాదం దగ్గరే బస చేసి ఉండేవాడు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని శ్రద్ధగా విన్నవారు పన్నెండు గంటలకు బయటపడి భోజనానికి సకాలంలో చేరతారు. వినక, పుదుమండపంలో రాజుల ముందు నిలిచిపోయి బస్సు తప్పినవారు మాట్టుత్తావణి బస్టాండుకు పోకూడదు. కోయంబత్తూరు బస్సులు ఆరప్పాళయం బస్టాండు నుంచి బయలుదేరతాయి. అవి సింగానల్లూరులో దింపుతాయి. అక్కడి నుంచి టౌను బస్సులో గాంధీపురం వైపు పోయి, మేట్టుపాళయం రోడ్డులోని బస్టాండులో మరో బస్సు పట్టుకోవాలి.