మొయినాబాద్ ఫ్లెక్సీ: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరిది మన మెదక్ జిల్లా కొల్చారం. ఆధారం లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అని ముందే మాట ఇచ్చి గంటం పట్టిన మనిషి. అటువంటి వ్యాఖ్యాతను కన్న తెలంగాణలో, హైదరాబాద్ శివారులోని అప్పా జంక్షన్ దాటింది మొదలు చేవెళ్ల దాకా కరెంటు స్తంభాలకు వేలాడుతున్న ఒక మహాగద్యానికి ఇంతవరకు టీక లేకపోవడం లోటు. ఆ లోటు తీర్చే పనికి పూనుకున్నాను. సూరిగారి మొదటి నియమం పాటిస్తాను. రెండోదానికి హామీ ఇవ్వలేను. అక్కర లేనివన్నీ తీసేస్తే ఫామ్‌హౌస్‌లో మిగిలేది బోరుబావి ఒక్కటే.

మూలం

ప్రకృతి ఒడిలో మీ శుభకార్యములకు ఫామ్‌హౌస్ అద్దెకు ఇవ్వబడును. ఏసీ రూములు, లాన్, స్విమ్మింగ్ పూల్, విశాలమైన పార్కింగ్ కలవు. డీజేకు అనుమతి కలదు. బ్యాచిలర్లకు ఇవ్వబడదు. మర్రిచెట్టు దగ్గర ఎడమకు తిరుగవలెను. వివరములకు వాచ్‌మన్‌ను అడుగుడు. అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు.

పాఠ నిర్ణయం

ఇది ఏ ఒక్క ఫ్లెక్సీ పాఠమూ కాదు. అజీజ్‌నగర్ ప్రతి, చిలుకూరు ప్రతి, కనకమామిడి ప్రతి పోల్చి చూసి, గాలికి చిరిగిన చోట ఊహతో పూరించి కూర్చిన సాధుపాఠం. ఒక ప్రతిలో ‘స్విమ్మింగ్ పూల్’ బదులు ‘సిమ్మింగ్ పుల్’ అని ఉంది. లేఖక దోషమని కొట్టేయబోయి ఆగాను. కొలను లోతు నడుము దాటనప్పుడు హ్రస్వమే సాధువు.

గ్రంథకర్త పేరు ఎక్కడా లేదు. అంతర సాక్ష్యాన్ని బట్టి ఆయన నగరంలో ఉద్యోగమో వ్యాపారమో చేసి, ఈ వైపు రెండెకరాలు కొన్న గృహస్థు అని తేలుతున్నది. రెండెకరాలంటే 80 గుంటలు, 9,680 గజాలు. రిటైరయ్యాక మామిడిచెట్టు కింద మంచం వేసుకుంటాను, ఆవును కట్టేస్తాను అని ఇల్లు కట్టాడు. మొదటి ఏడాది ఆదివారాలన్నీ అక్కడే. రెండో ఏడాది పండగలకు. మూడో ఏడాది వాచ్‌మన్ జీతం, మోటారు రిపేరు, ఇంట్లోకి పాము వచ్చిందని ఫోను. అప్పుడు బామ్మర్ది బిడ్డ హల్దీకి ఇల్లు అడిగారు. ఇచ్చాడు. తిని చేతులు కడుక్కుంటూ బామ్మర్ది అన్నాడు: “ఇంత మంచి జాగ ఖాళీగ ఎందుకు పెట్టుకున్నవ్ బావా, అద్దెకియ్యరాదు?” కావ్య జననానికి కారణం ఇదే.

ప్రతిపదార్థం

ప్రకృతి ఒడిలో = జీవో 111 పరిధిలో.

ఈ అర్థం నిఘంటువుల్లో దొరకదు, చరిత్రలో దొరుకుతుంది. 1908లో మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. ఆ దెబ్బతో విశ్వేశ్వరయ్య సలహా మీద మూసీకి ఉస్మాన్‌సాగర్, ఈసీ నదికి హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టినవే నగరానికి మంచినీళ్లూ ఇచ్చాయి. ఆ నీళ్లు చెడకూడదని 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 ఊళ్లలో కాలుష్యం తెచ్చే పరిశ్రమలు వద్దు, పెద్ద హోటళ్లు వద్దు, కాలనీలు వద్దు అంది. శంషాబాద్ దగ్గర నూనె ఫ్యాక్టరీ పెడతామని సురానా ఆయిల్స్ వాళ్లు కోర్టుకెక్కితే 2000లో సుప్రీంకోర్టు కూడా వద్దనే అంది.

కాబట్టి మాదాపూర్, గచ్చిబౌలి ఆకాశానికి పెరుగుతున్న కాలంలో మొయినాబాద్ నేల మీదే ఉండిపోయింది. భూమి ధర పెరగలేదని రైతులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. అపార్టుమెంటు కట్టలేని చోట మామిడితోట మిగిలింది, మామిడితోటలో చిన్న ఇల్లు మిగిలింది. ఇప్పుడు పెండ్లివారు గంటల లెక్కన అద్దెకు తీసుకుంటున్న పచ్చదనం పాతికేళ్లు దాటిన సర్కారీ నిషేధం కాసిన కాయ. ఏ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుకూ ఇంత పెద్ద తోట వేయడం చేతకాదు. అద్దె లెక్కలో జీవో 111కు ఒక రూపాయి వాటా కూడా పోదన్నది వేరే మాట.

2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చి ఆంక్షలు సడలించింది. 2023 మే నెలలో రాష్ట్ర మంత్రివర్గం 111ను రద్దు చేస్తామంది. ఒడి సంపూర్ణంగా ఖాళీ అయి అక్కడ టవర్లు లేస్తే ‘ప్రకృతి ఒడిలో’ అన్న పదం మూలంలోంచి జారిపోతుంది. నిషేధం ఎత్తేయాలని అడిగేవారిలో ఫామ్‌హౌస్ యజమాని కూడా ఉండడం ఈ కావ్యంలోని కరుణరసం.

శుభకార్యములకు = పెండ్లి మొదలుగా గల దావత్‌లకు.

‘మొదలుగా’ అన్నచోట హల్దీ, మెహందీ, సంగీత్, సారీ ఫంక్షన్, ధోతీ ఫంక్షన్, పుట్టినరోజు, షష్టిపూర్తి, పెండ్లికి ముందు ఫొటో షూట్ చేర్చుకోవాలి. స్థలబలం వల్ల ఇక్కడ ఇంకొకటి ఉంది, వీసా దావత్. వీసా రావాలని చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నవారు కోరిక తీరాక 108 చేస్తారు. ఆ గుడిలో హుండీ లేదు. దేవుడు వద్దన్న డబ్బు పక్క ఊరి ఫామ్‌హౌస్‌కు చేరుతుంది.

ఈ వ్యాపారానికి ఖాతా పుస్తకం పంచాంగం. శ్రావణం, మాఘం, ఫాల్గుణం, వైశాఖం వస్తే అడిగినంత. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. వీటికి తోడు గురు మౌఢ్యమో శుక్ర మౌఢ్యమో దిగితే ఎక్కడో ఆకాశంలో గ్రహం సూర్యుడి వెలుగులో మునిగినందుకు ఇక్కడ జనరేటర్‌కు దుమ్ము పడుతుంది. కరెంటు బిల్లుకు మాత్రం మూఢం లేదు. అందుకే హల్దీని నేను గొప్ప ఆవిష్కరణ అంటాను. దానికి లగ్నం పెట్టేవారు తక్కువ, పసుపు బకెట్లకు బకెట్లు పోసేవారు ఎక్కువ. పెండ్లి ఒక్కటైనా బుకింగులు మూడు.

ఫామ్‌హౌస్ = పట్టాదారు పుస్తకంలో పొలం, ఫ్లెక్సీ మీద వేదిక.

పూర్వపక్షం: పేరులో ఫామ్ ఉంది గనుక ఇది వ్యవసాయమే. లాన్‌కు నీళ్లు పెడుతున్నాం, గడ్డి కోస్తున్నాం, మామిడి కాస్తున్నది. సాగు కాదని ఎట్లా అంటారు?

సమాధానం: 2006 నాటి చట్టం, వాడుకలో నాలా అంటారు, పొలాన్ని వేరే పనికి వాడాలంటే రుసుము కట్టి మార్పిడి చేయించుకోమంటుంది. పసుపు పండించేది సాగు, పసుపు పూసుకునేది సాగు కాదు. 2018లో మొదలైన రైతుబంధు ఎవరు దున్నుతున్నారని అడగకుండా పట్టా ఉన్న ఎకరానికి పైసలిచ్చింది. లాన్‌కూ పంట సాయం అందే వీలు ఆ రోజుల్లో ఉండేది. 2025 జనవరిలో వచ్చిన రైతు భరోసా సాగుకు పనికొచ్చే భూమికే అంది. యజమాని మామిడిచెట్లను లెక్కబెట్టుకోవాల్సిన కాలం.

మళ్లీ పూర్వపక్షం: జీవోలో ‘పెద్ద హోటళ్లు’ అనే ఉంది, ఫామ్‌హౌస్ అనలేదు కదా?

సమాధానం: ఒక్క రాత్రి ఐదు వందల మంది తిని, చేతులు కడిగి, ప్లేట్లు పడేసి, సెప్టిక్ ట్యాంకు నింపి పోతే దాన్ని ఇల్లు అనడం లక్షణ శాస్త్రం ప్రకారం అతివ్యాప్తి. ఆ నీళ్లు పల్లం వెతుక్కుంటూ పోయేది జలాశయం వైపే. అక్కడి నుంచి పైపుల్లో నగరానికి. పెండ్లివారు మాత్రం బాటిల్ నీళ్లు వెంట తెచ్చుకుంటారు.

ఇవ్వబడును = కర్మణి ప్రయోగం. కర్త లోపించాడు.

లోపించడం వ్యాకరణానికి దోషం కాదు, ఈ వ్యాపారానికి ప్రాణం. ఇల్లు గృహస్థుది. ఆయన ఒకరికి లీజుకిస్తాడు, ఆ లీజుదారు ఇంకొకరికి, వారు ఈవెంట్ మేనేజరుకు, ఆయన మనకు. 2025 ఫిబ్రవరిలో తోల్కట్ట దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో కోడిపందేలను పోలీసులు పట్టుకున్నప్పుడు యజమాని వైపు నుంచి వచ్చిన మాట, లీజుకిచ్చామని. కర్తరి ప్రయోగంలో రాసి ఉంటే ‘నేను ఇస్తాను’ అని ఉండేది, పోలీసు నేరుగా ఆ ‘నేను’ దగ్గరికే వచ్చేవాడు. 18 శాతం జీఎస్టీ దగ్గర కూడా ఇదే ప్రయోగం. ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. ఆ రాబడి ఎవరిదని అడిగితే, రాబడినది, అంతే.

ఏసీ రూములు = స్పష్టం.

లాన్ = దాని మీద స్టేజీ, స్టేజీ మీద పువ్వులు అని అధ్యాహారం. చేవెళ్ల, మొయినాబాద్ వైపు రైతులు గులాబీలు పండిస్తారు. తెల్లవారేసరికి అవి గుడిమల్కాపూర్ మార్కెట్టుకు పోతాయి. అక్కడ డెకరేషన్ వాళ్లు కొని, వ్యాను ఎక్కించి, సాయంత్రానికి మళ్లీ ఇక్కడికే తెస్తారు. పక్క చేను పువ్వు నగరం పోయి, రేటు పెంచుకుని, స్టేజీ ఎక్కుతుంది. ఇంటర్ చదవడానికి పట్నం పోయిన పిల్లలు కూడా ఇంత తొందరగా తిరిగి రారు.

డీజేకు అనుమతి కలదు = యజమాని అనుమతి కలదు.

చట్టం అనుమతి గురించి మూలం మౌనం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడరాదు. ఆడిటోరియం, బాంకెట్ హాల్ వంటి మూసిన చోట్లకే మినహాయింపు. మామిడితోటకు తలుపు ఉండదు. పాటల హక్కుల విషయంలో పెండ్లివారు అదృష్టవంతులు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ పెండ్లి ఊరేగింపునూ, పెండ్లికి సంబంధించిన వేడుకలనూ విడిచిపెట్టింది, 2023 జులైలో కేంద్రం ఆ మాట మళ్లీ గుర్తు చేసింది. పుట్టినరోజు ప్రస్తావన ఆ వివరణలో లేదు. పాట ఒకటే, స్పీకరూ ఒకటే, కేకు కోస్తే ఒక న్యాయం, తాళి కడితే ఒక న్యాయం. చిలుకూరు మృగవని పార్కు జింకల అభిప్రాయం ఏ సెక్షన్‌లోనూ నమోదు కాలేదు. మందు పోయాలంటే ఎక్సైజ్ శాఖ దగ్గర ఆ ఒక్క రోజుకు ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలని కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఫ్లెక్సీ ఎట్లాగూ చెప్పదు.

బ్యాచిలర్లకు ఇవ్వబడదు = అల్లరి చేసేవారికి ఇవ్వం అని లక్ష్యార్థం.

ఈ నిషేధానికి శాస్త్రబలం తక్కువ. హల్దీలో పెండ్లికొడుకే బ్యాచిలర్, అతని మిత్రబృందమూ అంతే. మొయినాబాద్ ఫామ్‌హౌస్ అనే మాటను రాష్ట్రమంతా ఒకే రాత్రి నేర్చుకున్నది 2022 అక్టోబరులో, ఎమ్మెల్యేలకు ఎర వేశారన్న కేసుతో. గొడవ తెచ్చేది వయసు కాదని అప్పుడే తేలిపోయింది. ఫ్లెక్సీలో సవరణ చేసినవారు లేరు.

మర్రిచెట్టు దగ్గర ఎడమకు = క్లిష్టాన్వయం.

అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్ల దారిలో మర్రిచెట్లు వందల్లో ఉన్నాయి. వాటిలో ఏ మర్రి? దారి వెడల్పు చేయాలంటే చెట్లు కొట్టాలి, కొట్టొద్దని ప్రకృతి ప్రేమికులు హరిత ట్రిబ్యునల్ దాకా పోయారు, పనులు ఏళ్లకేళ్లు ఆగాయి. చెట్లన్నీ కొట్టేసి ఒక్కటి ఉంచితే తప్ప ఈ వాక్యానికి అన్వయం కుదరదు. నన్నడిగితే వాక్యం తప్పుగానే ఉండనివ్వాలి, పెండ్లివారు నాలుగు మర్రులు తిరిగి వచ్చినా పరవాలేదు.

తాత్పర్యం

ఓ పెండ్లివారలారా! నేను ఉండడానికి కట్టుకుని, ఉండడానికి తీరిక దొరకని ఇల్లు ఒకటి కలదు. నాకు కరువైన తీరిక మీకు గంటల లెక్కన దొరుకును. రండు, తినుడు, ఎగురుడు, పసుపు నీళ్లు కొలనులో కలపకుడు. మీరు పోయిన పిదప నా ఇంటిని నేను ఫొటోలలో చూచుకొందును.

విశేషాంశం

వాచ్‌మన్‌ను అడుగుడు = ఈ కావ్యానికి అసలు వ్యాఖ్యాత ఆయనే, నేను ఉపటీకాకారుణ్ణి. బోరు ఏ వేళకు నీళ్లిస్తుందో, ఏ చెట్టు మీద ఏ చుట్టం సిగరెట్ ఆర్పాడో, ఎవరి చెప్పులు కొలనులో తేలాయో ఆయనకే తెలుసు. యజమాని కూడా ఇంటికి రావాలంటే ఆయనకే ఫోను చేయాలి.

“పిల్లలు అడుగుతున్నరు, ఈ ఆదివారం వద్దామనుకుంటున్నా.”

“ఈ ఐతారం హల్దీ ఉంది సార్. వచ్చే ఐతారం బర్త్‌డే. పున్నమి ఎన్కకు మూఢం వస్తది, అప్పుడు రాండ్రి సార్, ఖాళీగనే ఉంటది.”

అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు = స్పష్టం.