రెండొందల ఒకటో యూనిట్

మా బాపు లెక్కలో ఎండాకాలానికి మందు సున్నం. ఏప్రిల్ రాగానే డాబా మీద రెండు పూతలు సున్నం కొట్టించేవాడు. పడమటి కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టేవాడు. పొద్దు గూకినంక డాబా మీద నాలుగు బకెట్లు గుమ్మరిస్తే అది పాములా బుస్సుమనేది. ఏసీ మాట ఎత్తితే చాలు, 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి మండపంలో తను చిన్నప్పుడు తీసిన మధ్యాహ్నపు కునుకుల దగ్గరికి వెళ్లిపోయేవాడు. "గా రాతి మీద పండుకున్నోనికి ఏసీ ఎందుకురా?" 2023లో ప్రభుత్వం కూల్ రూఫ్ విధానమని తెచ్చి, కప్పుకు వేడిని తిప్పికొట్టే పూతలు వెయ్యమన్నాక ఆయనను పట్టుకోవడం కష్టమైంది. తన సున్నం సెక్రటేరియట్ దాకా పోయిందని హన్మకొండంతా చెప్పుకొచ్చాడు.

న్యాయంగా చెప్పాలంటే మే నెల దాకా బాపుదే గెలుపు. సున్నానికి తోడు కూలర్ ఉండేది. రోహిణి కార్తెలో గాలి ఎండుగడ్డిలా ఉంటుంది కాబట్టి కూలర్ గడ్డి మీద నీళ్లు చకచకా ఆవిరై, పోతూ పోతూ వేడిని కూడా వెంటబెట్టుకుపోతాయి. తంటా అంతా మృగశిరతో. నాలుగు చినుకులు పడి ఆగిపోతాయి. గాలి అప్పటికే గొంతు దాకా నీళ్లు తాగి కూర్చుంటుంది. ఇక కూలర్ నీళ్లు ఎక్కడికి పోవాలి? మన మీదికే. దిండు తడి, దుప్పటి తడి, డబ్బాలో అప్పడాలు మెత్తన. "ఇది కూలర్ కాదు, ఇడ్లీ కుక్కర్. ఇడ్లీలం మనమే," అని మా ఆవిడ తేల్చేసింది. ఆ జూన్‌లోనే ఏసీ కొనడానికి చౌరస్తాకు బయలుదేరాం. కొననివ్వకుండా ఆపడానికి బాపు కూడా వచ్చాడు.

"టన్ను తీసుకుంటరా, టన్నున్నరనా?" అన్నాడు దుకాణపు పిలగాడు.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల నడుమ జీవితం గడిపిన మనిషికి టన్నంటే బరువే. "మన గోడ టన్నున్నర మోస్తదా?" అని నన్ను పక్కకు లాగాడు. బరువు కాదు బాపూ, ఐసు లెక్క అన్నాను. ఇరవైనాలుగు గంటల్లో ఒక టన్ను ఐసు కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని గదిలోంచి బయటికి తోడిపోసేదే టన్ను ఏసీ. ఆ టన్ను కూడా అమెరికా టన్ను, మన కిలోల్లో 907. బాపు రెండో సగమే విన్నాడు. "ఆడనే తొంభైమూడు కిలోలు తరుగు తీసిండు సూడు," అన్నాడు. మార్కెట్లో తరుగు కోసం జీవితాంతం కొట్లాడినవాడు మరి.

మాది పై అంతస్తు, పడమటి గోడ. టన్నున్నరే దిక్కని పిలగాడు చెప్పాడు. ఏసీ ధర ఒకటి, ఏసీ పెట్టించుకున్న ధర ఇంకొకటి అని ఆ తర్వాత తెలిసింది. రాగి గొట్టం వేరే, స్టాండు వేరే, స్టెబిలైజర్ వేరే, గోడకు బొక్క కొట్టినందుకు వేరే. మన గోడకు మనమే డబ్బులిచ్చి బొక్క కొట్టించుకోవడం బాపును మూడు రోజులు బాధించింది.

అసలు ఈ యంత్రం పుట్టింది మనుషుల కోసం కాదు. 1902లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసులో తేమకు కాగితాలు ఉబ్బి, రంగు మీద రంగు సరిగ్గా పడక ఇబ్బంది పడుతుంటే విల్లిస్ క్యారియర్ అనే కుర్ర ఇంజనీరు గాలిలోని తేమను అదుపు చేసే ఉపాయం కనిపెట్టాడు. ఇప్పటికీ దాని ధ్యాస కాగితం మీదే. మా ఇంట్లో ఆ కాగితం నెలకోసారి వస్తుంది.

మా ఇంటి చరిత్రలో అసలు ఘట్టం ఆ కాగితమే. వాడకం వంద దాటి, 200 యూనిట్లు దాటకపోతే మొదటి వందకు యూనిట్ 3.40, రెండో వందకు 4.80, మొత్తం 820 రూపాయలు. మిగతా చార్జీలు పక్కన పెట్టండి. దాటితే మాత్రం శ్లాబు మారి, మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది, రెండొందల పైనవాటికి 7.70. అంటే 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు! ఇది బాపు కనిపెట్టాడు. కనిపెట్టిన రాత్రి ఆయన నిద్రపోలేదు, మమ్మల్నీ పోనివ్వలేదు, ఎందుకంటే ఏసీ బంద్ పెట్టాడు. పంపిణీ సంస్థ పెద్దాఫీసు మన హన్మకొండలోనే ఉండగా మనకింత అన్యాయమా అని కూడా అన్నాడు. ధరలు పెట్టేది వాళ్లు కాదు, హైదరాబాద్‌లోని నియంత్రణ మండలి అని చెప్పినా ఊరి అభిమానం తగ్గలేదు.

కింది వాటాలో అద్దెకున్నవాళ్లకు తెల్లరేషన్ కార్డుంది. గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి 200 యూనిట్ల దాకా వాళ్లకు సున్నా బిల్లు, దాటితే మొత్తం కట్టాలి. కాబట్టి వాళ్లకూ అదే గీత, అదే గుండెదడ. రోజూ సాయంత్రం కింది వాటా పెద్దాయనా, బాపూ రెండు మీటర్ల ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతారు, ఆసుపత్రి బయట చుట్టాల్లాగా.

ఏసీ వేస్తే 24 చూపిస్తుంది. 2020 నుంచి అట్లా ఉండాలని కేంద్రం నియమం పెట్టింది. ఒక డిగ్రీ పెంచితే 6 శాతం కరెంటు ఆదా అని బాపు పేపర్లో చదివాడు. చదివి కాసేపు వేళ్లు మడిచాడు. "డిగ్రీకి ఆరు శాతమైతే, పదిహేడు డిగ్రీలు పెంచితే నూటరెండు. కరెంటోళ్లే మనకు బాకీ పడుతరు." ఇరవైనాలుగుకు పదిహేడు కలిపితే నలభై ఒకటి, బయట ఉన్నది కూడా అదే అని చెప్పబోయి ఊరుకున్నాను.

చివరికి రాజీ కుదిరింది. రాత్రి పది నుంచి ఒంటిగంట దాకా ఏసీ, 27 మీద, ఫ్యానుతో సహా. ఇంటిల్లిపాదీ ఒకే గదిలో. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లకు బాపు బకెట్ పెట్టాడు. మరుసటి ఏడు మేలో సగం నిండిన బకెట్ జూన్‌లో పొర్లిపోయింది. గాలిలోని తేమను నీళ్లుగా పిండడానికీ కరెంటు కాలుతుందని తెలిశాక, "గీ నీళ్లకు సుత బిల్లు కడుతున్నం," అని తులసి చెట్టుకు చెంబుతో కొలిచి పోయడం మొదలుపెట్టాడు. తొమ్మిదో తారీఖున వచ్చే బిల్లు పిలగాడు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదని అతనికి ప్రతి నెలా చల్లటి మజ్జిగ ఏర్పాటు చేశాడు.

పోయిన మృగశిర నాడు పొద్దున మీటరు 193 వాడకం చూపిస్తోంది. బాపు మీసం దువ్వుకున్నాడు. పదకొండింటికి కరీంనగర్ నుంచి మా బామ్మర్ది పెళ్లాం పిల్లలతో, రెండు కొర్రమీన్లతో దిగాడు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి దాదాపు వంద వాట్ల వేడి వస్తుందంటారు. నలుగురు చుట్టాలంటే నాలుగొందల వాట్ల హీటరు. పైగా చేపల పులుసు తిన్నవాళ్లు. పిల్లల చేతికి రిమోట్ చిక్కింది, 18 మీద ఆగింది.

రాత్రి ఎనిమిదింటికి బాపు టార్చి పట్టుకుని కిందికి దిగాడు. చాలాసేపటికి పైకొచ్చాడు.

"రెండొందల మూడు," అన్నాడు. "మూడు యూనిట్లకు రెండొందల ఇరవైమూడు రూపాయలు."

గదిలో ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. బామ్మర్ది మెల్లగా రిమోట్ వైపు చెయ్యి చాపాడు.

"ఆగు బిడ్డా," అన్నాడు బాపు. "ఇప్పుడు బంద్ చేసి ఏం లాభం? దాటినంక యూనిట్‌కు ఏడు రూపాయల డెబ్బై పైసలే గద. ఉండనియ్యి."

గోడవైపు మంచమెక్కి, ఏసీకి ఎదురుగా సర్దుకుని పడుకున్నాడు. పది నిమిషాలకు దుప్పటి అడిగాడు. కప్పుకుని, కళ్లు మూసుకుని, నన్ను పిలిచాడు.

"రేపు ఆ బిల్లు పిలగానికి మజ్జిగ వద్దులే."