మూడింటికి ఎనిమిది

మా రాజమండ్రి ఇంటి గోడ గడియారం టైము చూపించడంలో వంక పెట్టడానికి లేదు. గొడవంతా గంటలు కొట్టడంలోనే. ముళ్లు మూడు చూపిస్తుంటే ఎనిమిది కొడుతుంది.

గుస్టావ్ బెకర్ కంపెనీది. సైలీషియాలోని ఫ్రైబుర్గ్‌లో పుట్టింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ ఊరు జర్మనీ నుంచి పోలండుకు వెళ్లిపోయింది, పేరు కూడా మార్చుకుంది. గడియారం మాత్రం తాతయ్య వేలంపాటలో కొని తెచ్చిన నాటి నుంచి మా హాలు దాటలేదు.

దీనికి స్ప్రింగు ఉండదు. తాళ్లకు వేలాడే రెండు ఇత్తడి గుండ్ల బరువే దీన్ని నడిపిస్తుంది. స్ప్రింగు గడియారానికి కీ ఇచ్చిన కొత్తలో జీతమొచ్చిన గుమాస్తా హుషారు ఉంటుంది, చివరికొచ్చేసరికి నెలాఖరు నీరసం. గుండుకు ఆ తేడా తెలియదు. మొదటిరోజు ఎంత లాగిందో ఏడోరోజూ అంతే లాగుతుంది. మనం చెయ్యాల్సిందల్లా వారానికోసారి కీ తిప్పి పైకి చేదడం.

సున్నాలు వేయించినప్పుడు దింపి మళ్లీ తగిలిస్తే ఓసారి ఆగిపోయింది. రిపేరు చేసే పెద్దాయన వచ్చి, పెట్టె తలుపైనా తియ్యకుండా, కుంటుతున్న టిక్కుటక్కులు కాసేపు విని, "గడియారానికేం లేదు బాబూ, గోడే వంకర" అన్నాడు. పెట్టె అడుగును కాస్త ఎడమకు జరిపాడు. లోలకం వెనక పలకకు రాసుకోకుండా పాత పంచాంగమొకటి మడిచి గోడకూ పెట్టెకూ మధ్య దోపాడు. ఆ పంచాంగం వల్ల మా ఇంట్లో కచ్చితంగా జరిగిన పని అదొక్కటే.

ఇక గంటల సంగతి. ఒక గుండు ముళ్లను నడిపితే రెండోది గంటలు కొట్టిస్తుంది. ఎన్ని కొట్టాలో చెప్పేది అంచున గాళ్లున్న ఓ చక్రం. ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు అని దానికి వరస తెలుసు గానీ ముళ్లు ఎక్కడున్నాయో తెలియదు. మేం పెళ్లికి ఊరెళ్లినప్పుడు గంటల గుండు ముందుగా అడుగంటింది. ముళ్లు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. మేమొచ్చి కీ ఇచ్చాక చక్రం ఆగినచోటి నుంచే లెక్క అందుకుంది.

సరిచెయ్యడం రెండు నిమిషాల పని. లోపలి మీట ఎత్తుతూ, ముళ్లతో కలిసేదాకా కొట్టిస్తే సరి. అమ్మ పడనివ్వలేదు. ఎందుకంటే రాత్రి ఏడింటికి అది పన్నెండు కొట్టగానే ఎంతటి చుట్టమైనా చెప్పుల కోసం వెతుక్కుంటాడు. కాకపోతే రాత్రి ఉండిపోయినవాళ్లు అర్ధరాత్రి ఐదు గంటలు విని స్నానానికి నీళ్లు తోడుకుంటారు.

మొన్నో సాయంత్రం పాత సామాన్లు కొనే ఆసామి వచ్చాడు. "కండిషన్ బాలేదమ్మా. డయల్ చిట్లింది, పైన నగిషీ ఊడింది, గుండుకు సొట్ట" అంటూ ఒక్కో లోపానికీ ధర తగ్గిస్తూ పోయాడు. ఆరింటికి పదకొండు కొట్టేసరికి, "ఇదిగో, గంటలు కూడా తప్పే" అని ఇంకో వెయ్యి కోసేశాడు. అమ్మ కాఫీ ఇచ్చి కూర్చోబెట్టింది. బేరం అలా సాగుతుండగానే గడియారం పన్నెండు కొట్టింది.

"అయ్యో, చాలా రాత్రయిపోయిందమ్మా, వెళ్లొస్తా" అంటూ ఆసామి గబగబా మెట్లు దిగిపోయాడు.

అమ్మ గ్లాసు తీస్తూ, "గంటలు తప్పన్నది తనే కదరా, మరెందుకు లేచాడూ?" అంది.